రుబ్బురోలు నుంచి ఫుడ్ ప్రాసెసరు దాకా

ఈ వేళ మన ముచ్చట వంటింటికి సంబంధించింది. మా వీధిలో ఒక ఇంట్లో దీపావళికి కొత్త యంత్రం కొనాలనుకున్నారు. కోడలు ఫుడ్ ప్రాసెసరు కావాలంటుంది. చపాతీ పిండి కలపడం, కూరలు తరగడం, కొబ్బరి తురమడం, పళ్ల రసం తీయడం అన్నీ అందులోనే అయిపోతాయని ఆమె మాట. అత్తగారేమో, ఇడ్లీకి మెత్తగా రుబ్బే గ్రైండరు ఉంటే చాలు, తక్కినవన్నీ డాబు అంటుంది. రోలుకు ఒకవైపే పోటు, మద్దెలకు రెండు వైపులా వాయింపు అన్నారు కదా. ఆ ఇంటి అబ్బాయి పరిస్థితి అచ్చంగా మద్దెల పరిస్థితే. "పిన్నీ, మీరే చెప్పండి" అంటూ నా దగ్గరకు వచ్చాడు. నేను అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఏది కొనాలో చెప్పాలంటే, ఇవి ఎవరి చేతి పనిని తప్పించడానికి పుట్టాయో ముందు చెప్పాలనిపించింది. ఆ కథే ఇప్పుడు మీతో పంచుకుంటాను.

మనలాంటి సరిహద్దు జిల్లాల వాళ్లకు ఒక్కో రాయికి మూడు నాలుగు పేర్లు తెలుసు. మన రోలు కన్నడంలో ఒరళు, తమిళంలో ఉరల్. మన రుబ్బురోలు తమిళులకు ఆట్టుక్కల్. మన సన్నికల్లు వాళ్లకు అమ్మి, షోలాపురం వైపు పాటా-వరవంటా, బరంపురం వైపు శిళ-శిళపుఆ. తిరగలి తెలంగాణలో విసుర్రాయి, కన్నడంలో బీసోకల్లు, మరాఠీలో జాతే. మా హోసూరులో ఒకే వాకిట్లో ముగ్గురు ఆడవాళ్లు మూడు పేర్లతో పిలుస్తూ ఒకే రాతి మీద నూరుకునేవారు. ఏ మాట ఎవరిదన్న తగవు ఎన్నడూ రాలేదు. రాయి ఖాళీగా ఎప్పుడు దొరుకుతుందన్నదే తగవు.

ఈ రాళ్ల కథ ఎంత పాతదో తెలుసుకోవాలంటే బళ్లారి శ్రోతలు దూరం పోనక్కరలేదు. ఊరికి దగ్గరలోనే సంగనకల్లు కొండలున్నాయి. నాలుగు వేల ఏళ్ల క్రితం అక్కడ కొత్త రాతియుగపు జనం పశువులను మేపుకుంటూ, రాతి గొడ్డళ్లు చేసుకుంటూ బతికారు. వాళ్లు గింజలు నూరిన రాళ్లు, నూరి నూరి గుంటలు పడిన బండలు ఆ కొండల మీద దొరికాయి. ఆ మట్టిలో మాడిన గింజలను పరిశీలించిన పండితులు ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలను గుర్తించారు. ఉలవచారు, పెసరపప్పు తినే మన పళ్లెం అప్పటికే అక్కడ సిద్ధమవుతోందన్నమాట. ఆ కాలపు రాయి గుండ్రంగా తిరిగేది కాదు. వంగిన బండ మీద ఇంకో రాయిని రెండు చేతులతో ముందుకూ వెనక్కూ తోసి నూరడమే. నడుము, మోకాళ్లు, భుజాలు మూడూ అరిగిపోయే పని. చుట్టూ తిరిగే తిరగలి ఆ తరువాత ఎంతో కాలానికి గాని రాలేదు.

తిరగలి వచ్చాక పాట కూడా వచ్చింది. మహారాష్ట్రలో హేమా రైర్కర్, గీ ప్వాత్వాఁ అనే ఇద్దరు పరిశోధకులు 1980ల నుంచి ఊరూరా తిరిగి, తిరగలి ముందు ఆడవాళ్లు పాడుకునే ఓవీలను లక్షకు పైగా సేకరించారు. పుట్టింటి బెంగ, అన్నదమ్ముల మీద ప్రేమ, అత్తింటి మాటలు, విఠలుడి మీద భక్తి అన్నీ ఆ రాతి చప్పుడులోనే బయటపడ్డాయి. మన విసుర్రాయి పాటలు, దంపుళ్ల పాటలు కూడా అలాంటివే. ఆ పాటలు పోయాయే అని బాధపడేవారిని నేను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది తిరగలి విసిరినవారు కారు.

నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. దానికి కారణం మా అక్క.

మా నాన్న పోయాక అమ్మ మా ఇంటి అరుగు మీద ఇడ్లీలు పోసి అమ్మేది. 1960లలో సంగతి. రోజూ సాయంత్రం రెండు పడుల మినప్పప్పు, దానికి తగిన బియ్యం రుబ్బాలి. అమ్మ ఒక్కతే రుబ్బలేదు. ఏడో తరగతి సగంలో అక్క బడి మానేసింది. ఎవరూ మానమని చెప్పలేదు. మూడు రోజులు వరసగా ఆలస్యంగా వెళ్లింది, నాలుగో రోజు వెళ్లలేదు, అంతే. ఎడమ చేత్తో పిండిని గుంటలోకి తోస్తూ కుడి చేత్తో పొత్రం తిప్పడం ఒక లయ. ఆ లయ ఒక్క క్షణం తప్పితే వేలు రాతి కింద నలుగుతుంది. అక్క ఎడమ చేతి చూపుడు వేలి గోరు ఎన్నడూ నిండుగా పెరగలేదు. పక్కనే కూర్చుని నేను పలక మీద ఎక్కాలు రాసుకునేదాన్ని. అక్క పొత్రం తిప్పుతూ పదమూడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పేది. ఆ తరువాతి ఎక్కాలు ఆమెకు రావు.

మాకు తెలియని సంగతి ఏమిటంటే, మా ఊరికి నైరుతిగా ఉన్న కోయంబత్తూరులో అప్పటికే రుబ్బే యంత్రం తిరుగుతోంది. 1955లో పి. సభాపతి అనే ఆయన అక్కడ విద్యుత్తుతో నడిచే తడి రుబ్బురోలును తయారు చేశారు. మనం గ్రైండరు అంటున్నది దాన్నే. ఇది కోయంబత్తూరులోనే ఎందుకు పుట్టింది? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం. ఇందులో తెలుగువాళ్ల పాలు ఉంది.

1888లో రాబర్ట్ స్టేన్స్ ఆ ఊళ్లో మొదటి నూలుమిల్లు పెట్టాడు. 1932లో నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. కరెంటు దిగువకు రాగానే మిల్లులు పెరిగాయి, బావుల్లో మోటారు పంపులు దిగాయి. మోటారు చెడితే బాగు చేసేవాడు కావాలి, ముక్క విరిగితే పోతపోసేవాడు కావాలి. అలా ఊరంతా కొలిమిగా, కార్ఖానాగా మారింది. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు నాయుళ్ల కుటుంబాలు అప్పటిదాకా నల్లరేగడిలో పత్తి పండించినవి. వాళ్ల పిల్లలు మిల్లులు పెట్టారు, మోటార్లు విప్పారు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు 1926లో స్థాపించిన ధర్మసంస్థ తరువాత చదువుతో పాటు యంత్రాల తయారీలోనూ పేరు తెచ్చుకుంది. కలంగల్ అనే పల్లెలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు పెద్ద చదువు చదవకుండానే బస్సుల కంపెనీ నడిపి, విద్యుత్ క్షవర యంత్రం మొదలు ఎన్నో పరికరాలు తయారు చేశారు. 1937లో ఆయన కర్మాగారంలో డి. బాలసుందరం నాయుడు చేతి మీదుగా దేశవాళీ విద్యుత్ మోటారు తయారైంది. మన దేశంలో తయారైన తొలి మోటారుగా దాన్నే చెప్పుకుంటారు.

మోటారు దొరికింది, పోత దొరికింది, ఊత్తుకుళి ప్రాంతంలో మంచి రాయి దొరికింది, ఇంటింటా ఇడ్లీ దోసెల అలవాటు ఉండనే ఉంది. ఇక గ్రైండరు వేరే చోట పుడితేనే ఆశ్చర్యం! 2005-06లో కోయంబత్తూరు గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఆ తొలి యంత్రంలో ఒక చమత్కారం ఉంది. చేతి రోటిలో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండరులో పొత్రాన్ని ఒకచోట పట్టి ఉంచి రోలునే తిప్పారు. మోటారు వేగాన్ని బెల్టుతో తగ్గించి, రోలు నిమిషానికి నూరు నూటయాభై చుట్లకు మించకుండా చూశారు. నెమ్మదిగా తిరగడమే దాని గొప్ప. మినప్పప్పులోని జిగురు గాలిని పట్టి ఉంచితేనే పిండి పొంగుతుంది. రాయి నెమ్మదిగా నలిపినప్పుడు పిండి వేడెక్కదు, గాలి బాగా కలుస్తుంది, పిండి ఒదుగుతుంది. మీ అమ్మమ్మలు "ఒదుగు" అనే మాట వాడేది దీనికే.

మొదట ఇవి హోటళ్లకు, పెళ్లిళ్లకు మాత్రమే. నేల మీద నిలబెట్టిన ఆ బరువు రోట్లోంచి పిండి తోడుకోవడానికి, కడగడానికి మళ్లీ నడుము వంచాల్సిందే. ఆ బాధ తీర్చడానికి రోలును పక్కకు వంచి పిండి ఒంపుకునే రకం వచ్చింది. ఆ తరువాత బల్ల మీద పెట్టుకునే చిన్న రకం వచ్చింది. మా ఇంటికి గ్రైండరు వచ్చింది 1970ల చివర. సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చాక మా అరుగు ముందు ఫ్యాక్టరీ పనివాళ్లు వరసలో నిలబడేవారు. ఆ డబ్బుతో అమ్మ వాయిదాల మీద కొన్నది. అక్క అప్పటికి పెళ్లయి, మాలూరు దగ్గర అత్తగారింట్లో ఇంకో రోటి ముందు కూర్చుంది. పండక్కి వచ్చి ఆ గ్రైండరు తిరగడం చూసింది. చాలాసేపు చూసి, "కడగడం ఎట్లమ్మా?" అని మాత్రం అడిగింది.

ఇక మిక్సీ సంగతి. దాని పుట్టుక బొంబాయిలో. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు సీమెన్స్ కంపెనీలో పని చేసేవారు. వాళ్లింట్లో జర్మనీలో తయారైన బ్రౌన్ మిక్సరు ఉండేది. పళ్ల రసాలకు, మెత్తని గుజ్జులకు చేసిన ఆ యంత్రంలో మన పప్పులు, మసాలాలు వేస్తే ఎంతకాలం నిలుస్తుంది? 1963లో అది కాలిపోయింది. బాగు చేయించడానికి మన దేశంలో దారి లేదు. శ్రీమతి మాధురి మాథుర్ భర్తనే బాగు చేయమన్నారట. ఆయన అలాంటి మోటారు దొరక్క, అంతకన్నా బలమైన మోటారును తానే తయారు చేయడానికి పూనుకున్నారు. ఉద్యోగం వదిలి కంపెనీ పెట్టారు. ఆ యంత్రానికి 'సుమీత్' అని పేరు పెట్టారు, మంచి నేస్తం అని అర్థం. 1970లు, 80లలో మిక్సీ అంటే సుమీత్ అన్నంతగా ఆ పేరు నిలిచిపోయింది. ఈ కథలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. పాశ్చాత్య యంత్రానికి మన తిండి పరీక్ష పెట్టింది. పసుపు కొమ్ము, ఎండు కొబ్బరి, నానిన పప్పు వీటిని దాటలేని యంత్రం మన వంటింట్లో నిలవదని ఒక ఇల్లాలి వంటగదిలో తేలిపోయింది. 1978లో మద్రాసులో మొదలైన ప్రీతి వంటి కంపెనీలు దక్షిణాది ఇళ్లనే దృష్టిలో పెట్టుకుని ఎదిగాయి. 2011లో ప్రీతిని ఫిలిప్స్ కొనుక్కుంది.

గ్రైండరు నెమ్మదిగా నలుపుతుంది, మిక్సీ వేగంగా నరుకుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు అది. అందుకే పచ్చడి నిమిషంలో అయిపోతుంది, అందుకే ఇడ్లీ పిండి వేడెక్కుతుంది. మిక్సీలో రుబ్బేవాళ్లు చన్నీళ్లు పోయడం, ఆగి ఆగి తిప్పడం ఈ కారణంగానే. పొడి చేయడంలో కూడా తేడా ఉంటుంది. షోలాపురం తెలుగు శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. వాళ్ల సెంగ చట్నీని రోట్లో దంచితే వేరుసెనగ నూనె పైకి వచ్చి ముద్ద కడుతుంది. మిక్సీలో ఉత్త పొడి అవుతుంది.

ఫుడ్ ప్రాసెసరు పుట్టిల్లు ఫ్రాన్సు. పియర్ వెర్దూఁ అనే ఆయన హోటళ్లకు సరుకులు అమ్ముతూ, వంటవాళ్ల రోజంతా తరగడానికే పోతోందని గమనించి, అడుగున బ్లేడు తిరిగే వెడల్పాటి గిన్నె యంత్రం చేశారు. దాని పేరు రోబో-కూప్. 1970ల మొదట్లో ఇళ్లకు సరిపడే మాజిమిక్స్ వచ్చింది. అమెరికా ఇంజనీరు కార్ల్ సాంథైమర్ దాన్ని కొంత మార్చి, 1973లో షికాగో ప్రదర్శనలో కుయిజినార్ట్ పేరుతో పెట్టాడు. చూశారా, ఇది తరగడానికి, తురమడానికి, మైదా ముద్ద చేయడానికి పుట్టిన యంత్రం. నానిన మినపగుళ్లు దాని జాతకంలో లేవు. మన దేశపు కంపెనీలు తరువాత మిక్సీ మోటారు మీదే ఈ గిన్నెను కూడా అమర్చి, పచ్చడి జార్లు జత చేసి అమ్మాయి. మీరు అంగడిలో చూసే ఫుడ్ ప్రాసెసర్లలో చాలావరకు ఇలాంటి సంకరజాతివే. అందులో తప్పేమీ లేదు, తెలిసి కొనాలి, అంతే.

తెలియక కొంటే, కాదు, తెలియక వాడితే ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. మా మరిది అమెరికా నుంచి వస్తూ పెద్ద ఫుడ్ ప్రాసెసరు తెచ్చాడు. ఇల్లంతా చుట్టూ చేరాం. క్యారెట్లు వేసి స్విచ్చి నొక్కాం. ఒక్క అరుపు అరిచింది, తెల్లటి పొగ వచ్చింది, కంపు కొట్టింది, ఆగిపోయింది. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. ఆ సంగతి దాని అడుగున అచ్చు వేసే ఉంది. ఇంజనీరు చదివిన మరిదీ చూడలేదు, బడిపంతులమ్మనైన నేనూ చూడలేదు. ఆ గిన్నె మాత్రం గట్టిది. ఇప్పటికీ ఉల్లిపాయలు పోసుకుంటున్నాం.

అందుకని, మొదటి మాట: యంత్రాన్ని తిరగేసి అడుగున చదవండి. 230 వోల్టులు, ఐఎస్ఐ గుర్తు, ఎన్ని వాట్లు, ఎన్ని నిమిషాలు ఆగకుండా నడపవచ్చు అన్నవి అక్కడ ఉంటాయి. వాట్లు ఎక్కువైతే యంత్రం మంచిదని అంగడివాళ్లు అంటారు. వాట్లు అది తినే కరెంటును చెబుతాయి, చేసే పనిని కాదు. కానీ పసుపు కొమ్ములు, ధనియాలు ఇంట్లో పొడి కొట్టేవారికి బలమైన మోటారు కావాలన్నది నిజమే. అడుగున ఒక ఎర్రటి బొత్తాం ఉంటుంది. మోటారుకు భారం ఎక్కువైతే అది దానంతటదే కరెంటు ఆపేస్తుంది. యంత్రం చెడిపోయిందని కంగారుపడి మెకానిక్కు డబ్బులిచ్చినవాళ్లు నాకు తెలుసు. స్విచ్చి ఆపి, జారులో సగం తీసేసి, కాసేపు చల్లారనిచ్చి ఆ బొత్తాం నొక్కితే చాలు. జారు మూతకు, అడుగున పట్టే పళ్లచక్రానికి విడి సరుకు మీ ఊళ్లో దొరుకుతుందా అని కూడా అడగండి. సిరొంచలోనో, రాయగడలోనో ఉన్నవారు ఒక రబ్బరు రింగు కోసం బస్సెక్కాల్సిన యంత్రం ఎంత చవకైనా కొనకండి.

రెండో మాట మీ ఇంటి తిండిని బట్టి ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లు ఇడ్లీ, దోసె, గారె ఉన్న ఇంటికి గ్రైండరే తగినది. యానాం వైపు పెసరట్టు, రోటిపచ్చళ్ల ఇంటికి చిన్న జారు బాగా పనిచేసే మిక్సీ ముఖ్యం. పెద్ద గిన్నెలో గుప్పెడు చింతకాయలు వేస్తే అవి అంచులకు అంటుకుని కూర్చుంటాయి. రోజూ చపాతీలు, జనం ఎక్కువ, ఉద్యోగానికి పరుగెత్తే ఇల్లాలు ఉంటే ఫుడ్ ప్రాసెసరు నిజంగా అక్కరకొస్తుంది. ఇద్దరే ఉన్న ఇంట్లో అది అలమరలో నిద్రపోతుంది, ఎందుకంటే రెండు బంగాళాదుంపలు తరగడానికి ఆరు ముక్కలు కడుక్కోవాలి. మా అక్క వేసిన ప్రశ్న అంగడిలో తప్పకుండా వేయండి: కడగడం ఎట్లా? విప్పి చూపించమనండి. బ్లేడు కింద వేలు దూరని సందు ఉంటే అక్కడ పిండి పులిసి కంపు కొడుతుంది.

తమిళనాడు శ్రోతలకు ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. 2011 సెప్టెంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి జయలలిత రేషను కార్డున్న ఇళ్లలోని ఆడవాళ్లకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇచ్చే పథకం మొదలుపెట్టారు. ఓట్ల కోసమన్నారు, దుబారా అన్నారు. కొన్ని యంత్రాలు తొందరగా చెడిపోయాయన్నారు. ఆ మాటలన్నీ నేనూ విన్నాను. మా వీధి చివర ఇస్త్రీ పెట్టె నడిపే ఆమె మాత్రం ఆ గ్రైండరును రెండు చేతులతో తడుముతూ, "మా అమ్మకు వచ్చుంటే" అని ఆగిపోయింది. వాదన చేసేవాళ్లు ఆ మాట దగ్గర కూడా ఒకసారి ఆగి ఉంటే బాగుండేది.

ఇంకో సంగతి దాచకుండా చెబుతాను. యంత్రం వచ్చాక పని తగ్గిందా అంటే, చేతి నొప్పి తగ్గింది. పని అంతగా తగ్గలేదు. పూర్వం పండగకో, వారానికోసారో చేసే దోసె రోజూ చేయమంటున్నారు. మిక్సీ ఉంది కదా అని రెండు పచ్చళ్లు అడుగుతున్నారు. స్విచ్చి నొక్కే వేలు మటుకు ఇంకా చాలా ఇళ్లలో ఆడవాళ్లదే. మగ శ్రోతలు వింటున్నారని తెలిసే చెబుతున్నాను. పొత్రం తిప్పడానికి అలవాటు కావాలని ఒకప్పుడు తప్పించుకున్నారు. ఈ మీట తిప్పడానికి ఏ అలవాటూ అక్కరలేదు.

మొదట చెప్పిన ఇంటి సంగతి ఏమైందంటారా? వాళ్లు ముగ్గురూ కలిసి అంగడికి వెళ్లారు. అత్తగారికి భుజం నొప్పి. బల్ల మీద గ్రైండరు గిన్నె ఎత్తి చూడమంటే ఎత్తలేకపోయింది. కోడలే ముందుగా ఆ సంగతి గమనించి, వంచి ఒంపుకునే రకం చూపించమంది. దానితో పాటు మూడు జార్ల మిక్సీ కొన్నారు. పిండి కలిపే గిన్నె కావాలంటే తరువాత అదే మోటారు మీద అమర్చుకునే రకం. ఫుడ్ ప్రాసెసరు సంక్రాంతికి చూద్దామన్నారు. పాత రుబ్బురోలు పెరట్లో నీళ్ల కుళాయి కింద ఉంది. పెళ్లికి పసుపు దంచే రోజు దాన్ని కడిగి, పసుపు రాసి బొట్టు పెడతారు. మొన్న ఆ పిల్లవాడు దాన్ని పక్కకు జరపబోయి జరపలేక నన్ను అడిగాడు, "దీన్ని రోజూ ఎలా తిప్పేవారు పిన్నీ?" అని.

మా అక్కకు ఫోను కలిపి ఇచ్చాను. నాకన్నా ఆమెకే బాగా తెలుసు.